అరవైరెండో పరుగు

అరవైఒక్కసార్లు విరగని ఇరుసు, అన్నిటికంటే తక్కువ బరువు పడిన రోజున విరిగింది.

ఫిబ్రవరి నెల, శనివారం, ఉదయం తొమ్మిది దాటింది. ఒంగోలుకి పడమరగా మెట్ట చేల మధ్య, ఎప్పుడో యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసి వదిలేసిన రన్‌వే మీద రాహేలు వాళ్ళ కారు నిలబడి ఉంది. కారని పిలవడమే గాని, చూస్తే పొడుగాటి ఇనప పంజరానికి ముందు రెండు సన్న చక్రాలూ వెనక రెండు బండ చక్రాలూ తగిలించినట్టు ఉంటుంది. పావుమైలు దూరం ఎంత త్వరగా దాటుతుందన్నదే దాని పని. మలుపులుండవు. ఎదర పచ్చదీపం వెలగ్గానే క్లచ్ వదలాలి. వదిలిన క్షణంలో ఇంజను బలమంతా వెనక ఇరుసు మీద పడుతుంది. తారుకి అతుక్కుపోయిన చక్రాలు కదలనంటాయి, ఇంజను తిప్పి తీరతానంటుంది. మధ్యలో ఇరుసు తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. ఇలాంటి బళ్ళలో ముందుగా పోయే భాగాల్లో అదొకటి.

ఆరోజు సీట్లో కూర్చున్నది ఫణీంద్ర. ఇరవైఆరేళ్ళవాడు, గుంటూరులో ట్రాక్టర్ల మెకానిక్. పందేల్లో వేరే బళ్ళు నడిపాడు గాని ఈ కారు ఎక్కడం అదే మొదలు. అందుకని మూడింట రెండొంతుల బలంతోనే పొమ్మని రాహేలు చెప్పింది. అతను సరిగ్గా అలాగే చేశాడు.

దీపం వెలిగింది. కారు ముక్కు పైకి లేచింది. గొలుసు తెగినట్టు ఒక్క చప్పుడు వినిపించింది. కుడి వెనక చక్రం కారుని వదిలేసి, చాలా తీరిగ్గా, జొన్న చేలోకి దొర్లుకుంటూ పోయింది. కారు అడ్డం తిరిగి రన్‌వే పక్కనున్న సిమెంటు దిమ్మెని ఎడమవైపు కొట్టుకుంది. రాహేలు టార్పాలిన్ నీడలోంచి పరుగెత్తింది. ఆమె వెనకే షెడ్డు పెద్ద మేస్త్రీ మస్తాన్ పరుగెత్తాడు. పంజరం లోపలికి నొక్కుకుపోయి ఫణీంద్ర ఎడమకాలిని తొడ దగ్గర పట్టేసింది. మెలకువగానే ఉన్నాడు. "ఏమైంది మేడం? నేనేం చేశాను?" అని అడుగుతున్నాడు. కడ్డీలు కోసి బయటికి తీసేదాకా అదే మాట.

అంబులెన్సు వెళ్ళాక రాహేలు లాప్‌టాప్ దగ్గరికొచ్చి సెన్సర్లు రాసిన గీతలు చూసింది. ఇరుసు మీద పడిన మెలి నాలుగువేల న్యూటన్ మీటర్లు. అదే ఇరుసు అంతకుముందు ఆరువేలు మోసింది, ఒకసారి కాదు, ఇరవైసార్లకు పైగా. గీత పాడైందేమోనని ఇంకో సెన్సరు చూసింది. అందులోనూ నాలుగువేలే.

చుట్టూ చేరినవాళ్ళు మాత్రం అప్పటికే తేల్చేశారు. "కుర్రాడు క్లచ్ కొట్టేశాడు," అన్నారు. రాహేలు అవుననలేదు, కాదనలేదు. ఆమెకి నిజంగానే తెలియదు.

రాహేలూ సలోమీ అక్కచెల్లెళ్ళు. వాళ్ళ నాన్న దేవసహాయం విజయవాడ ఆటోనగర్లో ముప్పయ్యేళ్ళు లారీ ఇరుసులు బాగుచేశాడు. ఆయన పోయాక రేకుల షెడ్డూ, ఆయనతో కలిసి పనిచేసిన మస్తానూ వాళ్ళకి మిగిలారు. పెద్దది రాహేలు లోహశాస్త్రం చదువుకుని, హైదరాబాదులో ఎనిమిదేళ్ళు ప్రయోగశాలలో పనిచేసి, ఒక ఆలోచన పట్టుకుని షెడ్డుకి తిరిగొచ్చింది. చిన్నది సలోమి చదువు మధ్యలో ఆపేసి స్టీరింగ్ పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండగానే, బాగైన లారీల్ని బెంజి సర్కిల్ దాకా తోలి సరిగా ఉన్నాయో లేదో చెప్పేది.

రాహేలు ఆలోచన ఏమిటో మస్తాన్‌కి ఒకరోజు తెలిసొచ్చింది. రెండేళ్ళ కిందట ఆమె కరగబోసిన మొదటి కడ్డీని మెలితిప్పే యంత్రానికి బిగించి, మస్తాన్ దాని పొడుగునా తెల్లరంగుతో సన్నటి గీత గీశాడు. ఇరుసు పనివాళ్ళ పాత పద్ధతి అది. బరువు దించాక గీత తిన్నగా ఉంటే ఇరుసు బతికున్నట్టు, మెలిక తిరిగి ఉంటే చచ్చినట్టు. తిప్పారు, దించారు. గీత మెలిక తిరిగి ఉంది.

"పోయిందమ్మా," అన్నాడు మస్తాన్.

"పోలేదు బాబాయ్. దాన్ని నూనెలో పడుకోబెట్టు."

వేడి నూనె తొట్టిలో పన్నెండు గంటలు ఉంచి తీస్తే గీత తిన్నగా అయింది. మళ్ళీ బిగించి తిప్పితే మొదటిసారి కంటే ఎక్కువ మోసింది. మస్తాన్ కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది ఇనుమా, ఎముకా?"

"ఎముకని చూసే చేశాను. మూటలు మోసేవాడి ఎముక బరువు పడ్డచోట గట్టిపడుతుంది కదా. దీన్లోనూ లోపల సన్నటి పోగులుంటాయి. మెలిపడినచోట కొన్ని తెగుతాయి. వేడికి ఆ చోటికి ఇంకా ఎక్కువ పోగులు చేరతాయి."

"ఎక్కణ్ణుంచి చేరతాయి?"

ఆ ప్రశ్నకి రాహేలు అప్పట్లో పెద్దగా ఆలోచించకుండానే, "చుట్టుపక్కల నుంచి," అంది.

చెన్నైలో లారీలకీ బస్సులకీ ఇరుసులు చేసే ఒక పెద్ద కంపెనీకి ఈ సంగతి తెలిసింది. నరహరి అనే మేనేజరు షెడ్డుకొచ్చి చూసి వెళ్ళాడు. లారీ మీద పరీక్షించాలంటే పదేళ్ళు పడుతుందనీ, పందెం కారైతే ఒక్క పరుగులోనే ఇరుసుకి లారీ ఏడాదిలో పడే దెబ్బలన్నీ పడతాయనీ కారు ఏర్పాటు చేయించింది ఆయనే. నడపడానికి వేరే మనిషిని వెతకాల్సిన పని రాలేదు. సలోమి ఉంది.

సలోమి పద్నాలుగు నెలల్లో అరవైఒక్కసార్లు పరుగు తీసింది. ప్రతిసారీ కారు పావుమైలు దాటగానే వెనక పారాచూట్ విచ్చుకుని గోడకి కొట్టినట్టు ఆపేది. ప్రతిసారీ ఇరుసుల్ని ఊడదీసి నూనెలో పెట్టేవాళ్ళు. ప్రతిసారీ అవి ఇంకాస్త బలపడి బయటికొచ్చేవి. మధ్యలో ఎక్కువ రోజులు ఆపకూడదని రాహేలు చెప్పింది. పని లేని ఎముకలాగే ఇదీ కరుగుతుంది.

జనవరిలో సలోమి హెల్మెట్ తెచ్చి అక్క బల్లమీద పెట్టింది.

"ఇంక నేను నడపనక్కా."

"ఏం?"

"విసుగొచ్చింది. ఇంకెవర్నన్నా చూడు."

రాహేలుకి కోపమొచ్చింది, ఆ కోపం పైకి కనపడకూడదని ఇంకేమీ అడగలేదు. అలా వచ్చినవాడు ఫణీంద్ర.

ప్రమాదం జరిగిన మూడోరోజు రాహేలు ఇరుసు ముక్కని సానపట్టి మైక్రోస్కోపు కింద పెట్టింది. తను చేసిన ఉక్కుని తనే గుర్తుపట్టలేకపోయింది. ఒక పక్క పోగులు పడవ తాళ్ళలా పేనుకుని ఉన్నాయి. ఆ పక్కనే మరమరాల్లా డొల్లగా ఉంది. చెదలు తిన్న వాసంలా ఉందనిపించింది, కాని చెదలు ఉక్కుని తినవు.

వెనక చక్రాలకి చెరో ఇరుసు, ఎడమది ఇంకా మిగిలి ఉంది. దానికీ కుడిదానికీ వయసు ఒకటే, పడిన దెబ్బలూ ఒకటే. దాన్ని మెలితిప్పే యంత్రానికి బిగించింది. పాత పరుగుల రికార్డులు పెడితే, కారులో పడిన మెలిని పడినట్టే ఆ యంత్రం మళ్ళీ ఇరుసు మీద వేస్తుంది. యాభై ఎనిమిదో పరుగు పెట్టింది. ఆరువేలు. ఇరుసు చలించలేదు. అరవయ్యో పరుగు పెట్టింది. చలించలేదు. పెంచి ఆరువేల ఐదువందలు చేసింది. మోసింది.

"ఇది దానికంటే గట్టిదేమో," అన్నాడు మస్తాన్.

"రెండూ ఒకే పోతలో పుట్టినవి బాబాయ్."

"ఒకే కడుపున పుట్టినవాళ్ళు ఒకేలా ఉంటారా?"

మధ్యాహ్నం భోజనానికి పటమటలో ఇంటికెళ్ళింది. సలోమి టీ పోస్తోంది. పోస్తున్న టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన బల్లమీద పడి, అంచునుంచి చీర మీదికి కారింది. సలోమి ఇంకా పోస్తూనే ఉంది.

"ఏయ్, ఏంటది?"

"చెయ్యి జారింది," అంది సలోమి, గిన్నె కింద పెట్టేసి.

రాహేలు గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తున్నంతసేపూ నాలుగువేలు, ఆరువేలు అనే రెండంకెలే ఆమె తలలో తిరుగుతున్నాయి. చెల్లెలు గోడని ఒక చేత్తో తడుముకుంటూ గదిలోకి వెళ్ళడం చూసింది. చూసింది గాని, అది ఏమిటని అనుకోలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. ఫణీంద్ర తొడలో రాడ్లు వేశారు, కాలు పైకి కట్టి ఉంది. భార్య వనజ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. రాహేలుని చూసి లేచి నిలబడింది.

"మేడం, ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ఈయన క్లచ్ గట్టిగా కొట్టాడంటున్నారు. నిజమేనా?"

ఫణీంద్ర కళ్ళు మూసుకునే మాట్లాడాడు. "కొట్టే ఉంటా. లేకపోతే అంత గట్టిది ఎందుకు విరుగుద్ది? పడుకుని అదే నడుపుతున్నా మేడం, తల్లో. ఒకసారి మెల్లగా వదిలినట్టుంటది, ఒకసారి కొట్టినట్టుంటది. ఏది నిజమో తెలీడం లేదు."

"ఇంకా చూస్తున్నాం," అంది రాహేలు. మెట్లు దిగుతుంటే ఆ మాట తనకే అబద్ధంలా వినిపించింది. చూస్తున్న మాట నిజమే. ఏం చూడాలో మాత్రం తెలియడం లేదు.

మంగళవారం ఉదయం మస్తాన్ యంత్రం పక్కన కూర్చుని బీడీ వెలిగించుకుంటూ అడిగాడు.

"పెద్దమ్మాయ్, మనం ఎన్నిసార్లు తిప్పాం దీన్ని?"

"నిన్నటికి తొమ్మిది."

"తొమ్మిదీ చిన్నమ్మాయి పరుగులేగా. ఆ అబ్బాయి వదిలినట్టు వదిలి చూశావా?"

రాహేలు కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆమె దగ్గరున్న అరవైఒక్క రికార్డులూ సలోమివే. అరవైరెండోది విరిగినదాని రికార్డు. చిన్న దెబ్బే గనక దాంతో పరీక్షించి లాభమేముందని పక్కన పెట్టేసింది.

ఫణీంద్ర పరుగు పెట్టి, బలం సగానికి తగ్గించి, మీట నొక్కింది. రెండువేలు. ఆరువేల ఐదువందలు మోసిన ఇరుసు లోపల్నించి టిక్కుమని, మెటిక విరిచినట్టు, చిన్న చప్పుడు వచ్చింది. మస్తాన్ బీడీ పారేసి స్విచ్చి కట్టేశాడు.

తర్వాత రాహేలు రెండు పరుగుల గీతల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. ఫణీంద్రది గోడలా తిన్నగా లేచింది. క్లచ్ వదలడమంటే అందరూ చేసేదదే, అతను తప్పేమీ చెయ్యలేదు. సలోమి గీతలో గోడకి ముందు చిన్న మెట్టుంది. అరవైఒక్కింటిలోనూ ఉంది. క్లచ్‌ని కొద్దిగా వదిలి, రెప్పపాటు కంటే తక్కువసేపు ఆగి, అప్పుడు పూర్తిగా వదులుతుంది. ఆ మెట్టుని రాహేలు ఎన్నోసార్లు చూసింది. సెన్సరు వణుకు అనుకుంది.

"అది దేవసహాయం పద్ధతి," అన్నాడు మస్తాన్. "లోడు లారీని ఎత్తు ఎక్కించేటప్పుడు అట్లాగే వదలమనేవాడు. చిన్నమ్మాయికి కాలికి పట్టేసింది."

ఇరుసుకీ పట్టేసింది. సలోమి మొదటి చిన్న మెలికి లోపలి పోగులన్నీ బిగుసుకునేవి. బిగుసుకున్నాక పెద్ద మెలి వాటిమీద పడేది. పద్నాలుగు నెలల్లో ఉక్కు ఆ వరసకే, ఆ ఒక్క వరసకే తయారైంది. కావలసిన బలాన్ని మిగతా చోట్లనుంచి లాక్కుంది. చుట్టుపక్కల నుంచి అని రాహేలు చెప్పింది ఇదే. కొత్తగా బలమేదీ పుట్టలేదు, ఉన్నది అటునుంచి ఇటు జరిగిందంతే. వేరే మనిషి కాలు పడేసరికి ఇరుసులో సగం డొల్ల.

నరహరికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"శుక్రవారం మా డైరెక్టర్లు రన్‌వే దగ్గరికొస్తున్నారు రాహేలు గారూ. ఆలోగా కారుని మావాళ్ళు బాగుచేసేస్తారు. స్పేరుకని మీరు పోసిన కొత్త ఇరుసుల జతకి కూడా మీ చెల్లెలి రికార్డులతోనే బలం పెంచారు కదా?"

"అవునండీ, యంత్రం మీద."

"అయితే ఆమెనే నడపమనండి. మీరు చెప్పింది లోపమని నేననుకోవడం లేదు. డ్రైవర్లు ఆర్నెల్లకోసారి బండి మారుతున్నారని యజమానులందరికీ ఇబ్బందిగానే ఉంది. ఒక బండి ఒక మనిషినే ఒప్పుకుంటుందంటే, ఆ మనిషి ఎక్కడికి పోతాడు?"

ఆయన ఏమంటున్నాడో రాహేలుకి వెంటనే అర్థం కాలేదు. డ్రైవర్ని బండికి కట్టేయడం గురించి అంటున్నాడని అర్థమయ్యాక, ఏమనాలో తెలియక, "చూస్తానండీ," అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక, వద్దని ఎందుకు అనలేకపోయానా అని చాలాసేపు ఆలోచించింది. రెండేళ్ళ పని. ఆరువేల ఐదువందలు మోసిన ఉక్కు. దాన్ని పట్టుకుని ఇది పనికిరాదు అనడానికి నోరు రావడం లేదు. ఆసుపత్రికి వెళ్ళి ఫణీంద్రకి చెప్పాలని కూడా అనుకుంది. రేపు వెళ్దాంలే అనుకుంది. బుధవారం కూడా అలాగే అనుకుంది.

సలోమికి మాత్రం చెప్పింది. సలోమి విని, "నేనే నడుపుతా శుక్రవారం. ఒక్కసారేగా," అంది. విసుగొచ్చిందన్న మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం రాహేలుకి వింతగా తోచింది. అయినా మనసు తేలికపడింది.

గురువారం పొద్దున్న కంపెనీవాళ్ళు డ్రైవరు ఆరోగ్య పత్రం పంపమన్నారు. సలోమి బీరువాలోంచి ఒక కాగితం తీసిచ్చింది.

"ఇది రెండేళ్ళ కిందటిది. కొత్తది కావాలట. డాక్టరు దగ్గరికెళ్ళి తీసుకురా."

"కొత్తది ఇవ్వరక్కా."

"ఎందుకివ్వరు?"

సలోమి మంచం మీద కూర్చుంది. "ఎడమకంటికి కింద సగం కనపడదు. నల్లతెర వేసినట్టుంటుంది. కంటి వెనక పొర ఊడొస్తోందన్నారు. పారాచూట్ పడ్డప్పుడల్లా ఆ ఊపుకి కొంచెం కొంచెం ఊడిందట."

"ఎప్పట్నుంచి?"

"యాభైనాలుగో పరుగప్పుడు కంట్లో మెరుపులు కనపడ్డాయి. ఆఖరిదాని తర్వాత తెర వచ్చింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. శుక్రవారం అయ్యాక వెళ్దామనుకున్నా."

"ముందే ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే ఆపేసేదానివి. మధ్యలో ఆపితే కరిగిపోతుందన్నావుగా."

రాహేలు నిలబడే ఉంది. ఆ క్షణంలో ఆమె మనసు చేసిన పనిని తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. ఒక్క పరుగే కదా, పావుమైలే కదా, పారాచూట్ లేకుండా బ్రేకులతో ఆపితే ఎంత దూరం కావాలి అని లెక్కవేసింది. ఆ లెక్క సగంలో ఉండగా చెల్లెలి మొహం కనపడింది. సలోమి తలని కాస్త కిందికి వంచి, కంటి పైభాగంతో అక్కని వెతుక్కుంటోంది. ఇరుసుల గురించి రాహేలు దగ్గర అరవైఒక్క పరుగుల వివరాలున్నాయి, డిగ్రీలతో సహా, నూనె వేడితో సహా. నడిపిన మనిషి గురించి ఒక్క ముక్క కూడా లేదు.

"లే," అంది.

"ఎక్కడికి?"

"కంటాసుపత్రికి."

"రేపటి సంగతో?"

"రేపు లేదు."

సలోమి లేవలేదు. "నా కన్ను ఎటూ పోయేదే అక్కా. అది పోయాక ఇరుసు కూడా పోతే నేను చేసిందేమిటి ఇన్నాళ్ళూ?"

రాహేలు దగ్గరికొచ్చింది. చెయ్యి పట్టుకుని లేపింది. గుమ్మం దగ్గర సలోమి చెప్పులు వేసుకుంటుంటే ఎడమ చెప్పు కనపడక కాలితో వెతుక్కుంటోంది. రాహేలు వంగి చెప్పు జరిపింది.

శుక్రవారం రన్‌వే మీద డైరెక్టర్లు ఎదురుచూస్తున్న వేళకి సలోమికి ఆపరేషన్ జరుగుతోంది. నరహరి ఏడుసార్లు ఫోన్ చేశాడు. ఎనిమిదోసారి రాహేలు తీసి, "మా చెల్లికి ఆపరేషన్. ఎవరూ నడపరు. వివరంగా రాసి పంపుతాను," అని చెప్పింది.

శనివారం ఫణీంద్ర దగ్గరికి వెళ్ళింది. కూర్చోకుండానే చెప్పింది.

"నువ్వు తప్పేం చెయ్యలేదు ఫణీంద్రా. క్లచ్ సరిగానే వదిలావు. ఆ ఇరుసు మా చెల్లి నడకకి అలవాటుపడిపోయింది. వేరేవాళ్ళు నడిపితే విరుగుతుందని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు."

అతను పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. వనజ అడిగింది.

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది మేడం మీకు?"

"మంగళవారం."

"నాలుగు రోజులు." వనజ చేతిలోని చెంచాని గ్లాసులో పెట్టింది. "ఈ నాలుగు రోజులూ ఈయన అన్నం ముట్టలేదు మేడం. నా వల్లే కారు పోయింది, వాళ్ళ పని పోయింది అంటూనే ఉన్నాడు."

రాహేలు క్షమించమని అడగబోయింది. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించి ఆగిపోయింది. నిలబడేచోటు తెలియనట్టు మంచం కోళ్ళ దగ్గర నిలబడింది. చివరికి ఫణీంద్రే, "వనజా, అన్నం ఉందా?" అన్నాడు. వనజ క్యారియర్ విప్పింది. అతను తింటుండగా రాహేలు వచ్చేసింది.

వచ్చిన సోమవారం కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. మిగిలిన ఎడమ ఇరుసునీ కొత్త జతనీ చెన్నైకి పంపమని. అవి ఎక్కడైనా సరే, అలా ఉన్నంతకాలం ఎవరో ఒకరు వాటిని నకలు తీస్తారని రాహేలుకి తెలుసు. నరహరి చెప్పిన ఆ బండి, ఒక్క మనిషిని తప్ప ఒప్పుకోని బండి, నిజంగా రోడ్డెక్కుతుంది. ఘాట్ రోడ్డులో ఒకరోజు డ్రైవరుకి జ్వరం వస్తుంది, క్లీనరు స్టీరింగ్ పట్టుకుంటాడు. లోపల యాభైమంది ఉంటారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన సలోమి పక్కగదిలో బోర్లా పడుకుని ఉంది. కంట్లో గ్యాసు నింపారు, పొర అతుక్కోవాలంటే పదిరోజులు మొహం కిందికే ఉంచాలన్నారు. రాహేలు మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"వాటిని కొలిమిలో పెడదామనుకుంటున్నా. బాగా ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారిస్తే పోగులన్నీ కలిసిపోతాయి. మామూలు ఇనుమవుతుంది."

"నా అరవైఒక్కటీ పోతాయన్నమాట," అంది సలోమి, దిండులోంచి.

"పోతాయి."

ఏడుస్తోందేమోనని రాహేలు వంగి చూడబోయింది. ఏడవకూడదని డాక్టరు చెప్పాడు.

"ఎడమదాన్ని ఒకసారి తెప్పించవా? చూళ్ళేను. చెయ్యి వేస్తా."

మస్తాన్ ఇరుసుని గోనెపట్టాలో చుట్టి, భుజాన వేసుకుని, రొప్పుకుంటూ రెండు అంతస్తులు ఎక్కించాడు. మంచం పక్కన నేలమీద పెట్టాడు. సలోమి చెయ్యి కిందికి జార్చి దాని పొడుగునా తడిమింది, పళ్ళున్న కొసనుంచి చక్రం బిగించే కొసదాకా. నూనె వేళ్ళకి అంటుకుంది.

"నున్నగా ఉంది," అంది. "నేను గట్టిగా, గరుగ్గా ఉంటుందనుకున్నా. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు దీన్ని." తర్వాత, "తీసుకెళ్ళు బాబాయ్," అంది.

కొలిమిలో నాలుగు గంటలు కాలాయి. బయటికి తీశాక రాహేలు ఎడమదాన్ని యంత్రానికి బిగించి సలోమి పరుగు పెట్టింది. రెండువేల మూడువందల దగ్గరే మెత్తగా మెలితిరిగిపోయింది. ఫణీంద్ర పరుగు పెడితే అదీ అంతే. తన ఉక్కు చచ్చిపోయిందని బాధపడాలో, ఇక ఎవరినీ చంపదని ఊరుకోవాలో ఆమెకి తెలియలేదు. జరిగిందంతా, తను ఆలస్యం చేసిన నాలుగు రోజులతో సహా, రాసి కంపెనీకి పంపింది. కంపెనీ కారుని తీసుకుపోయింది. ఆ తర్వాత నరహరి నుంచి ఏ కబురూ లేదు.

ఆగస్టు నాటికి సలోమి ఎడమకన్ను కొంత తేరుకుంది. ఆ కంటికి ఎదుటి మనిషి కనిపిస్తాడు గాని మొహం గుర్తుపట్టలేదు. స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. షెడ్డులో కూర్చోవడం మొదలుపెట్టింది.

రాహేలు మళ్ళీ చిన్న కడ్డీ ఒకటి పోసింది. ఈసారి యంత్రానికి ఒక పాత లారీ క్లచ్ పెడల్ తగిలించింది. రికార్డులేమీ పెట్టలేదు. ఆటోనగర్లో దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి తొక్కమంది. లారీ డ్రైవర్లు తొక్కారు, స్ప్రింగులపనివాళ్ళు తొక్కారు, ఇడ్లీబండి ఆవిడ చీర దోపుకుని తొక్కింది. ఒకరోజు ఫణీంద్ర చేతికర్రతో వచ్చాడు. ఎడమకాలు వంగదు. కుడికాలితో, వంకరగా, తొక్కాడు. మస్తాన్ కుర్చీ వేస్తే కూర్చుని మధ్యాహ్నందాకా మాట్లాడకుండా చూసి, మర్నాడు మళ్ళీ వచ్చాడు.

అంతమంది కాళ్ళకి ఉక్కు ఎటు బలపడాలో తేల్చుకోలేకపోయింది. రెండు నెలల తర్వాత కొలిస్తే మామూలు ఇరుసు ఉక్కు కంటే నూటికి తొమ్మిది పాళ్ళు ఎక్కువ మోసింది, అంతే. ఎవరు తొక్కినా ఆ తొమ్మిదీ ఉంది. రాహేలు ఆ అంకెని మూడుసార్లు సరిచూసుకుంది. అది గెలుపో ఓటమో చెప్పమని మస్తాన్‌ని అడిగితే, "తొమ్మిది తొమ్మిదే," అన్నాడు.

సలోమి గుమ్మం దగ్గర కూర్చుని తొక్కినవాళ్ళ పేర్లు రాస్తుంది. కాగితాన్ని కుడికంటికి దగ్గరగా పట్టుకుని, పెద్ద అక్షరాలతో. నిన్న జగ్గయ్యపేట నుంచి వచ్చిన ముసలి డ్రైవరు ఒకాయన పెడల్ మీద కాలుపెట్టి అడిగాడు.

"ఇది ఎవరి బండికమ్మా?"

"ఇంకా తెలీదండీ," అంది సలోమి. "మీరు తొక్కండి."